శాంపిల్ సీసాలో తోడు

సారంగపాణి సూది వేస్తే పశువుకు నొప్పి తెలియదని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. ఎవరు చెప్పుకుంటారయ్యా అంటే, సారంగపాణే చెప్పుకుంటాడు. ఒకసారి ఎద్దుకు సూది వేస్తుంటే దోమ ఒకటి వచ్చి దాని కొమ్ము మీద కూర్చుందట. మొదటి నుంచి చివరిదాకా కన్నార్పకుండా చూసి, పని నేర్చుకుని, దండం పెట్టి మరీ పోయిందట. ఆ దోమ ఇప్పుడు హన్మకొండలో మంచిగా స్థిరపడిందని కూడా చెబుతాడు.

వరంగల్ నుంచి తొర్రూరు రోడ్డు పట్టుకుని అరగంట పోతే ఆయన ఊరు. మూడెకరాల చెలక, రెండు ఆవులు, పాల క్యాన్లు వేలాడే టీవీఎస్ బండి, భార్య సోమక్క, ఇదీ ఆయన సంసారం. ఏది ఎక్కువ ఏది తక్కువ అని సోమక్క ముందు అడిగితే మాత్రం జవాబు చెప్పడు. ఆవుల్లో ఒకటి వట్టిపోయి ఉంది. పాలిచ్చేది రెండోది. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు, మెడ ఎత్తి నడిచే నడక, బకెట్టు రెండుసార్లు కడిగితే తప్ప దగ్గరికి రానివ్వని పొగరు. అందుకే దాని పేరు దొరసాని. ఒకసారి కోపమొచ్చి తన్నితే బకెట్టు పోయి కాజీపేట జంక్షన్‌లో పడిందని, స్టేషన్ మాస్టరు రెండు రైళ్లు ఆపి దాన్ని వెనక్కి పంపించాడని సారంగపాణి చెబుతాడు. బకెట్టుకు సొట్ట ఉన్న మాట మాత్రం నిజం.

వైద్యం ఆయనకు ఎక్కడ అబ్బిందంటే, తోక దగ్గర. ముప్పై ఏళ్ల కింద పశువుల దవాఖాన కాంపౌండరు ఊళ్లోకి వస్తే, పశువు కదలకుండా తోక పట్టుకునే పని సారంగపాణిది. తోక దగ్గర నిలబడితే సూది ఎక్కడ గుచ్చుతున్నారో బాగా కనబడుతుంది. సీసా మీద ఏం రాసి ఉందో కనబడదు. కనబడినా ఆయనకు అక్షరం ముక్క రాదు. అందుకని మందుల్ని మూతల రంగు పట్టి గుర్తుపెట్టుకున్నాడు. ఎర్ర మూత వాపుకు. నీలి మూత జ్వరానికి. లోపల పసుపుగా ఉండేది గడ్డలకు. మూత ఊడిపోయినది దేనికైనా.

దీనికి మించిన విద్య ఇంకొకటుంది. డాక్టర్లు ఐదు రోజులు వేయమన్న సూదిని సారంగపాణి రెండు రోజులే వేస్తాడు. వాపు తగ్గిందా, ఆపు. మిగిలిన మందు దాచు. అలా దాచిన సగం సీసాలన్నీ ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నెకూ కొత్తిమీర కట్టకూ మధ్య, పాత బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. ఊళ్లో ఏ ఆవుకు ఏమొచ్చినా ముందు ఆ డబ్బా దగ్గరికే వస్తారు. "సారంగన్నా, జర సగం సీసా ఉన్నదా?" అని ఎవరైనా వాకిట్లో నిలబడితే ఆయన బనీను బిగుతైపోతుంది, ఛాతీ అంత పొంగుతుంది. మందు ఊరికే ఇస్తాడు. కాకపోతే దోమ కథ వినాలి.

సోమక్కకు ఒక్కదానికే ఆ డబ్బా అంటే పడదు.

"ఒకనాడు ఆ సీసా పప్పుల ఒలుకుతది. అందరం కూసోని అంబా అంటం" అనేది.

"ఒలికితే మంచిదేనే, ఇంటిల్లిపాదికి రోగాలు రావు" అనేవాడు సారంగపాణి.

ఆ ఏడు దసరాకు ముందు దొరసాని వెనక ఎడమ చన్ను వాచింది. పిండితే పాలలో తెల్లటి పెచ్చులు పడ్డాయి. సారంగపాణి నవ్వుకున్నాడు. పొదుగువాపు ఆయనకు కొత్తదేం కాదు. ఎర్ర మూత రెండు రోజులు వేశాడు, వాపు దిగింది, మిగిలిన మందు డబ్బాలో పెట్టాడు. దీపావళి దాటాక అదే చన్ను మళ్లీ వాచింది. మళ్లీ ఎర్ర మూత. ఈసారి మూడు రోజులు పట్టింది దిగడానికి. జనవరి చలిలో మూడోసారి వచ్చింది. ఎర్ర మూత వేశాడు, వాపు కదలలేదు. పసుపు మందు వేశాడు, కదలలేదు. నీలి మూత, మూత లేనిది, చివరికి వీరభద్రం ఇంటి నుంచి తను ఎప్పుడో ఇచ్చిన సగం సీసా అడిగి తెచ్చి అదీ వేశాడు. చన్ను కాలిన ఇటుకలా గట్టిగా, వేడిగా తయారైంది. దొరసాని గడ్డి మానేసింది.

పక్కింటి వీరభద్రం చేతులు కట్టుకుని చూశాడు. వరసకు బామ్మర్ది.

"బావా, ఒక మాట జెప్తా కోపానికి రాకు. మిగతా మూడు మంచిగున్నప్పుడే అంగడికి తోలు. రేపు నాలుగూ పోతే ఎవడూ కొనడు."

"ఎవడు కొంటడో నాకెర్కలేదా?" అన్నాడు సారంగపాణి.

పొదుగు పోయిన ఆవును అంగడిలో పాల కోసం కొనరు. ఎందుకు కొంటారో సోమక్క అడగలేదు, ఆయన చెప్పలేదు. దొరసాని పుట్టినప్పుడు తల్లి లేవలేకపోతే, వారం రోజులు సోమక్క ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు తాగించింది. ఆమె ఆ రోజు వంట చేయలేదు. కొట్టంలోనే కూర్చుంది.

సారంగపాణి మాత్రం ధైర్యం వదల్లేదు. ధైర్యం అంటే, బాగున్న మూడు చన్నుల పాలు క్యాన్లలో పోసుకుని రోజూ లాగే వరంగల్‌లోని మట్టెవాడకు అమ్మకానికి పోయాడు. చెడ్డ చన్ను పాలు పారబోశాడు కాబట్టి తనంత నిజాయితీపరుడు ఓరుగల్లు కోట కట్టినప్పటి నుంచి పుట్టలేదని దారంతా అనుకున్నాడు.

మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం వెనక ఇల్లు సరస్వతమ్మది. ఆమె గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"సారంగం, ఇటు రా. ఇదేందో జెప్పు."

సారంగపాణి గిన్నెలోకి చూశాడు. "పాలమ్మా."

"నిన్న పొద్దుగాల తోడేసిన. ఇయ్యాల గూడ పాలే. మొన్న గిట్లనే. మూడ్రోజుల సంది నా ఇంట్ల పెరుగు లేదు."

"చలి అమ్మా. ఈ చలికి మనుషులే కదుల్తలేరు..."

"దుప్పటి కప్పిన. పొయ్యి పక్కన పెట్టిన. తోడు మార్చిన. పక్కింటి పాలు పక్కన పెడితే అయి పేరుకున్నయి. నిజం జెప్పు, నీళ్లు గలుపుతున్నవా?"

"ఒట్టమ్మా! ఈ నెల కలుపలే!"

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. సరస్వతమ్మ నోరు తెరిచేలోపు బండి స్టార్ట్ చేశాడు. మర్నాడు ఆ వీధిలో ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. పాలు విరగడం లేదు, పులవడం లేదు, పేరుకోవడం లేదు. పాలు అలిగి కూర్చున్నట్టున్నాయి.

ఇంటికొచ్చేసరికి సోమక్క చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది.

"దవాఖానకు నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?"

మండలం పశువుల దవాఖానలో డాక్టర్ శ్రీలత కొత్తగా వచ్చింది. సారంగపాణి అత్తారింటికి పంపిన పెద్ద కూతురి ఈడు ఉంటుంది. సారంగపాణి ఇంతవరకూ ఆ గడప తొక్కలేదు. తనకు పోటీగా పెట్టిన దుకాణంలోకి పోయినట్టు, మెడ కాస్త నిటారుగా పెట్టుకుని లోపలికి పోయాడు. డాక్టరమ్మ అప్పటికప్పుడు బండెక్కి వచ్చి దొరసానిని చూసింది. చన్ను పట్టుకుని చూసి పెదవి విరిచింది.

"కాకా, ఏమన్న సూదులేసినవా?"

"ఒక్కటే మేడమ్" అన్నాడు సారంగపాణి. కొట్టంలో నిలబడి ఉన్న సోమక్క దగ్గింది. ఆయన చలి అన్నట్టు తువ్వాల సర్దుకున్నాడు.

"ఎప్పుడు?"

"చానా దినాలాయె."

"సరే. ఊకె మందు మీద మందు ఏసుడు గాదు. ఈ పాలు ల్యాబ్‌ల పెడ్తే రెండ్రోజులల్ల పెరుగుతది. ఏం పెరుగుతదో చూసి, దానికి ఏ మందు పనిజేస్తదో చూసి అప్పుడు సూది రాస్త. దాన్ని కల్చర్ అంటరు."

సారంగపాణి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పాలవాడు. ఆ చెవిలో పాలు, పెరుగు అన్న రెండు మాటలు పడ్డాక మిగతా మాటలకు చోటెక్కడిది?

"గడ్డగ పెరుగుతదా మేడమ్?" అని అడిగాడు.

"శాంపిల్ మంచిగుంటే మంచిగనే పెరుగుతది" అంది డాక్టరమ్మ, చిన్న సీసా ఇస్తూ. "రేపు పొద్దున పట్టుకరా. సీసల పాలు దప్ప ఇంకేం పడొద్దు."

ఆ చివరి మాట కూడా ఆయన విన్నాడు. దుమ్ము, ఈగ, గడ్డిపోచ లాంటివి పడొద్దన్నదని అర్థం చేసుకున్నాడు.

సాయంత్రం చెడ్డ చన్ను పాలు ఆ సీసాలోకి పిండాడు. తర్వాత కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించిన ప్రతిసారీ ఊళ్లో ఏదో ఒక పశువుకు నష్టం జరుగుతుందని సోమక్కకు తెలుసు.

"ఏంజేత్తానవ్ ఆడ?"

"ఇగో, లాబోళ్లు ఈటిని పెరుగు జేసి చూస్తరట. పెరుగు ఎట్లయితె రోగం అట్ల. కొత్త సదువులు గదా. ఆళ్ల దగ్గర తోడు ఎసొంటిదుంటదో ఏమో. మన తోడే ఒక సుక్క ఏస్తే ఆళ్లకు పని తక్కువైతది, మనకు తొందరగ మందొస్తది."

"పెరుగు జూసి రోగం జెప్తరా?" సోమక్క నమ్మలేకపోయింది.

"చెయ్యి పట్టుకొని చూసి జెప్తలేరా? ఇదీ గంతే."

సోమక్క తోడుకు ఊళ్లో పేరుంది. రాయి మీద వేసినా పొద్దుటికి మీగడ కడుతుందంటారు. ఇది సారంగపాణి ఒక్కడే అన్న మాట కాదు, పదిమంది అంటారు. గిన్నెలోంచి వేలితో ఒక చుక్క తీసి సీసాలో వేసి, మూత బిగించి, గోనెపట్ట చుట్టి పొయ్యి పక్కన పెట్టాడు. పిల్లవాణ్ని పడుకోబెట్టినట్టు రెండు తట్లు తట్టాడు కూడా.

పొద్దున లేచి గోనెపట్ట విప్పితే సీసాలో పాలు పాలలాగే ఊగాయి.

సారంగపాణి అక్కడికక్కడే లెక్క తేల్చేశాడు. పరీక్ష తప్పింది. దొరసాని ఫెయిలైంది. పెరుగు కాలేదంటే రోగం ముదిరిపోయినట్టే, డాక్టరమ్మ సీసా చూడగానే అంగడికి తోలమంటుందని ఖాయం చేసుకున్నాడు. దవాఖానకు పోయేదారిలో ఆవును ఎట్లా వెనకేసుకురావాలో నాలుగు రకాలుగా అనుకున్నాడు. లోపలికి పోయి సీసా బల్ల మీద పెట్టాక నాలుగూ మర్చిపోయాడు.

"మేడమ్, మాఫ్ చెయ్యి. పెరగలే."

"ఏం పెరగలే కాకా?"

"పెరుగు."

డాక్టరమ్మ సీసా వంక చూసింది, ఆయన వంక చూసింది. "ఏ పెరుగు?"

"నువ్వే అంటివి గదా బిడ్డా, రెండ్రోజులల్ల పెరుగుతదని. ఆళ్లకెందుకు తక్లీఫ్ అని నేనే తోడేసిన. మా సోమక్క తోడు. అయినా పేరుకోలే. ఈ ఒక్కసారికి పాస్ చెయ్యి. మంచి ఆవు."

డాక్టరమ్మ అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తల బల్ల మీద ఆనించింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని సారంగపాణి కంగారుపడ్డాడు. అటెండర్ పరిగెత్తుకొచ్చాడు, సంగతి విని అతను బయటికి పోయి గోడ పట్టుకుని నవ్వాడు. ఎవరో దూడను తెచ్చిన మనిషి కూడా నవ్వాడు. సారంగపాణి కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా. నలుగురు నవ్వుతుంటే తను నవ్వకపోవడం ఆయనకు చేతకాదు.

"పెరుగుడంటే పెరుగు గాదు కాకా! పాలల్ల రోగం పురుగు ఉంటది, కంటికి ఆనదు. దాన్ని పెంచి చూస్తరు. నువ్వు అండ్ల తోడేస్తివి, ఇగ లాబోళ్లకు మీ సోమక్క తోడే దొరుకుతది!"

అంత నవ్వులోనూ ఆమె ఉన్నట్టుండి ఆగింది. సీసా చేతిలోకి తీసుకుని ఊపింది.

"ఆగు. తోడు మంచిదేనా?"

"రాయి మీద ఏసినా..."

"వెచ్చగ పెట్టినవా?"

"పొయ్యి పక్కన."

"అయినా పేరుకోలే." ఆమె గొంతులో నవ్వు పోయింది. "కాకా, తోడుల ఉండేది గూడ పురుగే. మంచి పురుగు. దాన్ని సంపేది ఏదో ఈ పాలల్ల ఉన్నది. ఎన్ని సూదులేసినవ్?"

సారంగపాణి పైకప్పు వైపు చూశాడు. అక్కడ ఫ్యాను తప్ప సాయం చేసేవాళ్లెవరూ లేరు.

"ఎర్ర మూతది ఒకటి."

"ఇంకా?"

"పసుపుది. దాని మీద నీలిది. అయ్యినంక మూత లేనిది."

"అదేం మందు?"

"మూత లేదు గద మేడమ్, ఎట్ల ఎర్కైతది?"

వేళ్లు మడుస్తూ పోతే ఒక చెయ్యి చాలలేదు. వీరభద్రం ఇంటి సగం సీసా దగ్గరికి వచ్చేసరికి రెండో చేతిలో చూపుడు వేలు దాటింది. డాక్టరమ్మ తలపట్టుకుంది. ఈసారి నవ్వడం లేదు.

"మరి పాలు అమ్ముతున్నవా?"

"మంచి చన్నుల పాలే మేడమ్. చెడ్డది పారబోస్తాన."

"సూది చన్నుకేసినవా, ఆవుకేసినవా?"

"ఆవుకే. మెడల."

"మరి మెడల ఏసిన మందు ఒక్క చన్నుకే పో అంటే పోతదా? నాలుగు చన్నులకు ఒకటే నెత్తురాయె."

సారంగపాణి కళ్ల ముందు సరస్వతమ్మ గిన్నె ఊగింది. ఆ ఇంట్లో పెరుగు ఒక్కటే చేయరు. ఆమె మనుమడికి రెండేళ్లు. క్యాను మోత వినగానే గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వస్తాడు.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరిపింది. "రెండ్రోజులు ఏసి ఆపితే ఏమైతదో ఎర్కనా? మెత్తటి పురుగులు సస్తయి. మొండియి మిగుల్తయి. వాపు తగ్గిందని నువ్వు ఖుషీ. అయి లోపట పిల్లల్ని పెడ్తయి, ఆ పిల్లలు పుట్టుకతోనే మొండియి. మల్ల రెండ్రోజులు ఏస్తవ్, ఇంకింత మొండిగైతయి."

"అంటే నేను ఆటిని సంపలే" అన్నాడు సారంగపాణి నెమ్మదిగా. "సదివిచ్చిన."

"గంతే."

"నేనేమో బడి మొహం చూడకపోతి. నా ఆవు పొదుగుల మాత్రం పెద్ద బడే పెట్టిన."

నాలుగు రోజులు ఏ మందూ వేయకుండా ఆగాలని, అప్పుడు మళ్లీ శాంపిల్ తీయాలని డాక్టరమ్మ చెప్పింది. నొప్పికి మాత్రం ఒక సూది తనే వేస్తానంది. గంటకోసారి చెడ్డ చన్ను పాలు పిండి పారబోయాలి, దాన్ని అన్నిటికన్నా చివర ముట్టుకోవాలి, చేతులు సబ్బుతో కడగాలి. ఒక్క చుక్క పాలు కూడా ఎవరికీ పోయొద్దు, లేగకు కూడా. ఇంటి దగ్గరున్న డబ్బా తెచ్చి ఇవ్వాలి.

"ఈ నాలుగు రోజులల్ల చన్ను పోతే?" అని అడిగాడు.

"పోవచ్చు. అబద్ధం జెప్పను. కానీ ఉత్తగ ఇంకో మందు గుచ్చితే మిగతా మూడు గూడ పోతయి, ఆవూ దక్కదు."

డబ్బా ఇచ్చేటప్పుడు సోమక్క దాన్ని గుమ్మం దాకా సాగనంపింది. ఆడపిల్లను పంపినప్పుడు కూడా అంత సంతోషంగా చెయ్యి ఊపలేదు.

మట్టెవాడ పోవడం అన్నిటికన్నా కష్టమైంది. ఖాళీ క్యాన్లతో పోయాడు. దారిలో మంచి కథ ఒకటి తయారు చేసుకున్నాడు. దొరసాని మేడారం మొక్కుకుందని, పోయొచ్చేదాకా పాలివ్వనని చెప్పిందని. సరస్వతమ్మ గుమ్మంలో ఉంది, పక్కన మనుమడు గ్లాసు పట్టుకుని ఉన్నాడు. కథ గొంతులోనే ఆగిపోయింది.

"అమ్మా, ఆవుకు సూదులేసిన. నాకు తెల్వక ఎక్కువేసిన. ఆ మందు పాలల్ల వచ్చింది. అందుకే నీకు పెరుగు కాలే."

సరస్వతమ్మ నవ్వింది. "ఇది దోమ కథ కన్న మంచిగున్నది సారంగం."

"కథ గాదమ్మా."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. నవ్వు మెల్లగా పోయింది. మనుమడి చేతిలో గ్లాసు తీసుకుంది. ఆమె అరిచి ఉంటే సారంగపాణికి సులువయ్యేది.

"మంచిగైనాక వచ్చి చెప్పు" అంది. "డాక్టరమ్మతోని రాయించుకొని రా. నీ మాట మీద పోయించుకోను."

ఆ నాలుగు రోజులూ సారంగపాణి చేతులు దురద పెట్టాయి. సూది పట్టిన చెయ్యి ఊరికే ఉంటే ఎట్లా? గంటకోసారి పిండడం, పారబోయడం. మధ్యలో ఏమీ తోచక రెండుసార్లు సోమక్కకు జ్వరముందేమో చూడబోతే ఆమె చీపురు అందుకుంది. నాలుగో రోజు పొద్దున డాక్టరమ్మ వచ్చి తన ముందే శాంపిల్ తీయమంది. చన్ను కడుగు, తుడువు, స్పిరిట్ దూదితో మళ్లీ తుడువు, మొదటి రెండు ధారలు పారబొయ్యి, సీసా మూతి తాకకుండా పట్టు.

"ముఖ్యంగా ఇంకోటి కాకా. అయ్యేదాకా మాట్లాడకు. తుంపర్లు పడ్తయి."

సారంగపాణి జీవితంలో చేసిన వైద్యాలన్నిటిలో కష్టమైనది ఇదే. ఐదు నిమిషాలు నోరు మూసుకున్నాడు. మూడో నిమిషంలో కళ్లలో నీళ్లు తిరిగాయి. సీసా మూత పడిన క్షణంలో పదకొండు మాటలు ఒకేసారి బయటికొచ్చి, ఒకదాని మీద ఒకటి పడి, ఎవరికీ అర్థం కాలేదు.

మూడు రోజులకు ల్యాబ్ కాగితం వచ్చింది. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించింది. ఒక వరసలో మందుల పేర్లు, పక్క వరసలో ఒక్కో అక్షరం.

"ఈ అక్షరం ఉన్నకాడ మందు పనిజెయ్యది. పురుగు దానికి లొంగది."

ఆ ఒక్క అక్షరం సారంగపాణి ఆ రోజు నేర్చుకున్నాడు. పై నుంచి కిందికి ఎనిమిది మందులు. ఆరింటి పక్కన అదే అక్షరం.

"ఇండ్ల ఎర్ర మూతదేది?"

ఆమె చూపించింది. పసుపుది, నీలిది కూడా చూపించింది.

"నా డబ్బా మొత్తం ఈ కాగితంల ఉన్నది గదా మేడమ్" అన్నాడు. "ఆ పురుగులకు నేను సార్ గాదు, ప్రిన్సిపాల్."

మిగిలిన రెంటిలో ఒకటి రాసింది డాక్టరమ్మ. ఐదు రోజులు, ఐదు సూదులు. మొదటిది తనే వేసి, ఎట్లా వేయాలో చూపించి, మిగతా నాలుగూ చేతికిచ్చింది. "నీ మీద నమ్మకంతోని ఇస్తున్న కాకా. ఐదంటే ఐదు."

మూడో రోజుకు చన్ను చల్లబడింది. వాపు దిగింది. దొరసాని తొట్టిలో మూతి పెట్టి కుడితి ఊడ్చేసి, బకెట్టు కడగలేదని సోమక్క వైపు గుడ్లురిమింది. సోమక్క కొట్టంలోనే కూర్చుని ఏడ్చింది, నవ్వింది, బకెట్టు కడిగింది.

కిటికీలో రెండు సీసాలు మిగిలి ఉన్నాయి. కొత్త మూతలు, ఆకుపచ్చ రంగు. సారంగపాణి దగ్గర ఇంతవరకు లేని రంగు. వద్దనుకుంటూనే వాటిని చేతిలోకి తీసుకుని ఎండకు పెట్టి చూస్తున్నాడు. అప్పుడే వీరభద్రం దడి దాటి వచ్చాడు.

"బావా, డబ్బా తియ్యి. నా ఎర్రావుకు పొదుగు వాసింది."

"డబ్బా లేదు. డాక్టరమ్మకిచ్చిన."

"మరి చేతుల ఏంది?"

"ఇయి దొరసానియి. ఒకటి రేపటిది, ఒకటి ఎల్లుండిది."

"దానికి మంచిగనే అయింది గదా! కుడితి తాగుతాంది, నేను చూస్తనే ఉన్న. ఉత్తగ పొడుసుడెందుకు? నాకియ్యి."

నిజానికి ఇది సారంగపాణి మాటే. దసరాకు అన్న మాట, దీపావళికి అన్న మాట. వీరభద్రం నోట్లోంచి వస్తుంటే వినడానికి ఎంత తెలివిగా ఉందో! చెయ్యి కొంచెం ముందుకు కదిలింది కూడా. పాతికేళ్లలో వాకిట్లోకి వచ్చినవాణ్ని ఆయన వట్టి చేతులతో పంపలేదు.

"ఇయ్య" అన్నాడు.

వీరభద్రం తప్పుగా విన్నాననుకున్నాడు. "ఏందీ?"

"ఇయ్యను బామ్మర్ది."

"పిసినారోనివైనవ్ గదా బావా! రెండు సూదులకు ఇంత జేత్తవా? నీ దోమ కథ ఎన్నిసార్లు ఇన్నం మేము? ఇరవైసార్లు ఇన్నం! దేనికోసమనుకున్నవ్?"

అది సారంగపాణికి సూటిగా తగిలింది. ఇన్నేళ్లు కథ బాగుండి వింటున్నారనే అనుకున్నాడు. సీసాలు కిటికీలో పెట్టి అరుగు మీద కూర్చున్నాడు.

"కూసో. ఇంకోటి ఇను, ఇది కొత్తది. నా అంత తెలివిగల్లోడు ఈ జిల్లాల లేడు. రోగాన్ని సగం సంపి, సగం దాసుకున్న. సీసాలల్ల గాదు, దొరసాని పొదుగుల. నీకు సగం సీసా ఇచ్చినప్పుడల్లా ఏమిచ్చిననుకున్నవ్? నా బడి పిల్లల్ని మీ ఇంటికి చుట్టపు చూపుకు తోలిన. నీ ఎర్రావు పొదుగుల ఇయ్యాల నా శిష్యులే కూసున్నరు కావచ్చు."

వీరభద్రం ఇంకా కోపంగానే ఉన్నాడు. కానీ వెళ్లిపోలేదు.

"ఆ డాక్టరమ్మ మరి నీకేమిచ్చింది అంత గొప్పది?"

"సీస. ఉత్త సీస. అండ్ల పాలు పట్టుకపోవాలె. బండెక్కు, నేను తీస్కపోత. ఒక్కటి యాదికుంచుకో, అది పెరుగుతదంటది. తోడెయ్యకు."

"తోడెందుకేస్తరే?"

"ఏసినోళ్లున్నరు" అన్నాడు సారంగపాణి, బండి కిక్కు కొడుతూ.

నాలుగో సూది, ఐదో సూది చెప్పిన వేళకే పడ్డాయి. సూది అయ్యాక డాక్టరమ్మ చెప్పినన్ని రోజులూ పాలన్నీ గుంతలోకే పోయాయి. ఆ తర్వాత ఆమె వచ్చి పొదుగంతా నొక్కి చూసింది, నాలుగు గిన్నెల పళ్లెంలో నాలుగు చన్నుల పాలు వేరువేరుగా పిండమంది. మూడు గిన్నెల్లో పాలు పడ్డాయి. నాలుగో దాంట్లో ఏమీ పడలేదు. వెనక ఎడమ చన్ను మెత్తగా, చిన్నగా, ఎండిన చిక్కుడుకాయలా వేలాడుతోంది.

"మూడు మంచిగున్నయి. పాలు పోసుకోవచ్చు, కాగితం రాసిస్త" అంది. "ఆవుకేం ఫికర్ లేదు. కానీ ఇది ఇగ పాలియ్యది. లోపట అంతా గట్టిపడ్డది."

"మందులు ఇంకేం లేవా?"

"దసరాకే వచ్చి ఉంటే దక్కేది కాకా. అప్పుడు డాక్టర్ దగ్గరికి ఎందుకు పోలే?"

"దసరాకు నేనే డాక్టర్‌నుంటి మేడమ్" అన్నాడు సారంగపాణి.

ఆమె నవ్వింది. సోమక్క కూడా నవ్వింది. నవ్వించినందుకు ఆయనకు సంతోషమే అయింది, కానీ ఈసారి తను వాళ్లతో కలవలేకపోయాడు.

సాయంత్రం చేతులు సబ్బుతో కడుక్కుని, పీట వేసుకుని దొరసాని పక్కన కూర్చున్నాడు. ముందు రెండూ పిండాడు, వెనక కుడిది పిండాడు. చెయ్యి అలవాటు కొద్దీ నాలుగో దాని మీదికి పోయింది. పట్టుకుని ఒకసారి లాగాడు, ఏమీ రాలేదు. ఇంకోసారి లాగబోయి ఆగి, అట్లాగే వేళ్లతో పట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

"తప్పయిందే" అన్నాడు మెల్లగా.

దొరసాని నెమరు వేస్తూ మెడ తిప్పి చూసింది. తోక ఒక్కటి విసిరింది. అది ఆయన చెంప మీద తగిలింది, ఈగ మీద తగిలిందో లేదో తెలియదు.